తాత చెప్పిన దొర వేరు, నవలలో దొర వేరు

ప్రశ్న:

సార్, నమస్తే. నాకు ఇరవై ఆరేళ్లు. మాది జనగామ వైపు పల్లె. బీటెక్ అయ్యాక హనుమకొండలో రూమ్ తీసుకొని గ్రూప్-2కు చదువుతున్నాను. సిలబస్‌లో తెలంగాణ సమాజం ఉంది కదా అని, ఎవరో చెబితే వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ నవల చదివాను. చాలా రోజులు మనసు మనసులో లేదు. ఊరికి పోయినప్పుడు మా తాత దగ్గర ఆ ముచ్చట ఎత్తితే, "గవన్నీ రాతలు బిడ్డా. మన దొర గసొంటోడు కాదు. కరువుల గింజలు పెట్టి మనల్ని బతికిచ్చిండు" అన్నాడు. తాతకు ఎనభై ఎనిమిదేళ్లు. మా ముత్తాత ఆ దొర దగ్గరే జీతం ఉన్నాడట. నా రూమ్మేట్ ఎకనామిక్స్ చదివినవాడు. "నవలలు, తాతల ముచ్చట్లు పక్కన పెట్టు, లెక్కలుంటేనే నమ్ము" అంటాడు. నాయినేమో "కథల పుస్తకాలు చదివితే కొలువొస్తదా" అని కోప్పడుతున్నాడు. నాకు మాత్రం మా ఊరు ఇట్లా ఎందుకుందో, మనుషులు ఇట్లా ఎందుకుంటారో తెలుసుకోవాలని ఉంది. సాహిత్యం, చరిత్ర, సోషియాలజీ, వీటిలో దేన్ని నమ్మాలి? ఏ వరుసలో చదవాలి? మా తాత అబద్ధం చెబుతున్నాడా?

– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు:

తమ్ముడూ, నీ వయసు చూసి ‘నువ్వు’ అంటున్నాను, ఏమీ అనుకోకు. నువ్వు చివర అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా రెండింటికీ దారి అందులోనే ఉంది. మీ తాత అబద్ధం చెప్పడం లేదు. అలాగని ఆయన మాటతో దొర సంగతి తేలిపోయిందనీ అనుకోవద్దు.

కొంచెం లెక్క చూడు. ఇప్పుడు ఎనభై ఎనిమిదేళ్లంటే, తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్యను కడవెండిలో కాల్చి చంపిన 1946 జూలై 4 నాటికి ఆయనకు తొమ్మిదేళ్లు, అటూ ఇటూగా. అంటే ఆయన చెప్పేదాంట్లో కొంత తను చూసింది, చాలావరకు వాళ్ల నాయిన దగ్గర విన్నది. ఆ నాయిన గడీలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, జీతగాడు. పనికి పోయి వచ్చి రాత్రి పిల్లల దగ్గర కూర్చున్న మనిషి ఏం చెబుతాడు? దొర ముందు తను ఎలా నిలబడ్డాడో, ఎన్ని మాటలు పడ్డాడో కొడుక్కు చెబుతాడా? కరువులో గింజల మూట ఇంటికి తెచ్చిన రోజు గురించి చెబుతాడు. తండ్రి పెద్దరికం నిలబడే ముచ్చటే ఇంట్లో మిగులుతుంది. మీ ఇంట్లోనే కాదు, చాలా ఇళ్లలో జ్ఞాపకం ఇలాగే వడకట్టుకుంటూ వస్తుంది.

ఇంకోటి. దొర మంచోడా చెడ్డోడా అన్నట్టు నువ్వు అడిగి ఉంటావు. ఆ ప్రశ్న పనికిరాదు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషిని తీర్పు చెప్పమంటే చెబుతాడు, అంతటితో ముచ్చట అయిపోతుంది. పని గురించి అడుగు. మీ ఇంటి నుంచి గడీకి ఎవరెవరు పోయేవాళ్లు? ఏ పనికి? పండుగ పూట కూడా పోవాల్సిందేనా? ముత్తాత జీతం ఏడాదికి ఎంత, గింజల్లోనా పైసల్లోనా? జీతం కుదిరేటప్పటికే ఇంటి మీద ఏదైనా అప్పు ఉందా, పెళ్లికో చావుకో తెచ్చింది? కరువులో ఆ గింజలు ఊరికే పెట్టారా, నాగుకు ఇచ్చారా? నాగుకైతే పంట రాగానే వడ్డీతో కలిపి తిరిగి కొలవాలి కదా, ఎంత కొలిచారు? ఎవరి మానికతో, అంటే ఎవరి కొలపాత్రతో?

ఇలా అడిగితే ఆయన పొగడడు, తిట్టడు. గుర్తు చేసుకుంటాడు. ఆ గింజలతో మీ ఇంటిల్లిపాది బతికారన్నది నిజమే కావచ్చు. ఆ గింజల బాకీ తీరకే మీ ముత్తాత ఇంకొన్నేళ్లు గడీలో ఉండిపోయాడన్నదీ నిజం కావచ్చు. ఈ రెండింటిలో ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలని ఎక్కడా లేదు. మీ ఊరు ఇలా ఎందుకుందని అడిగావు చూడు, దానికి సగం జవాబు ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా కుదిరాయన్న దాంట్లో ఉంది.

ఇక నవల. వెట్టి గురించి కోచింగ్ మెటీరియల్‌లో నువ్వు చదివే ఉంటావు. కులాన్ని బట్టి దొర ఇంటికి కూలి లేకుండా చేయాల్సిన పని, నిజాం ప్రభుత్వం దాన్ని నిషేధిస్తూ ఆజ్ఞలు ఇచ్చినా ఊళ్లలో ఆగలేదు. దీని మీద రెండు బిట్లు వస్తాయి. ఆజ్ఞ ఉన్నా ఎందుకు ఆగలేదో బిట్లలో దొరకదు. ఆ ఆజ్ఞను ఊళ్లో అమలు చేయాల్సిన పటేలు, పట్వారీ ఎవరి మనుషులు? ఫిర్యాదు చేయాలంటే ఏ పోలీసు అమీను ముందు నిలబడాలి? నిలబడి వచ్చిన మనిషికి తెల్లారి ఊళ్లో ఎవరు పని ఇస్తారు, ఎవరు అప్పు ఇస్తారు? ఇవన్నీ కలిసి మనిషిని ఎలా కట్టిపడేస్తాయో మంచి నవల చూపిస్తుంది. నీ మనసు అన్ని రోజులు కుదుట పడకపోవడానికి కారణం అదే. పైగా ఆళ్వారుస్వామి దూరం నుంచి చూసి రాసినవాడు కాదు. వంటపని చేసుకుంటూ చదువు నేర్చినవాడు, ఆంధ్ర మహాసభలో తిరిగినవాడు, జైలు చూసినవాడు.

అయినా సరే, నవలను తీసుకెళ్లి సాక్షిలా బోనెక్కించొద్దు. రచయిత ఎంతోమంది దొరలను చూసి ఒక దొరను తయారుచేస్తాడు. మీ ఊరి దొర అచ్చం అతనే అనుకోకు. మీ ఊరి దొర అతనిలా లేడు కాబట్టి నవల ఉత్తదే అని కూడా అనుకోకు, అది ఇంకా పెద్ద పొరపాటు. నవల దగ్గర తీసుకోవాల్సింది ప్రశ్నలు. ఇందాక నేను రాసిన ప్రశ్నల్లో సగం నవలలు, కథలు చదివితే పుట్టినవే. మానిక ఎవరిదని అడగాలన్న ఊహ ఏ ప్రభుత్వ నివేదిక చదివితే వస్తుంది?

సాహిత్యం ఇంకో పని కూడా చేస్తుంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. రచయిత చెప్పాలనుకోనిది కూడా చెప్పేస్తుంది. నువ్వుండే ఊరి గురించే ఒక పాత పుస్తకం ఉంది, ‘క్రీడాభిరామము’. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ప్రసిద్ధం. ఇద్దరు స్నేహితులు, మంచన శర్మ, టిట్టిభ సెట్టి, ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కనిపించినవన్నీ చెప్పుకుంటారు. అందులో శృంగారం ఎక్కువే, కొన్నిచోట్ల మరీ మొరటుగానూ ఉంటుంది. కానీ దారిలో కోడిపందేలు కనిపిస్తాయి, పల్నాటి వీరగాథ పాడేవాళ్లు కనిపిస్తారు, మైలారదేవుడి భక్తుల భయంకరమైన సాహసాలు కనిపిస్తాయి. లక్ష్మణవజ్ఝల అనే ఆయన పూటకూళ్ల ఇంట్లో ఒక రూకకు ఏమేం పెడతారో ఒక పద్యం నిండా ఉంటుంది. కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డ పెరుగు.

ఓరుగల్లులో డబ్బిచ్చి అన్నం తినే ఇల్లు ఉందని చెప్పడం కవి ఉద్దేశం కాదు. అది కథలో మాటవరసకు వచ్చింది. మాటవరసకు వచ్చింది కాబట్టే దాన్ని ఎక్కువ నమ్ముతాను. డబ్బిచ్చి భోజనం చేసేవాళ్లున్నారంటే పరవూరి నుంచి వచ్చిపోయే జనం ఉన్నారన్నమాట, అంగడి ఉందన్నమాట, నాణెం చేతులు మారుతోందన్నమాట. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో చేసింది ఇదే. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, కావ్యాల్లో ఇలా జారిపడిన తిండి, బట్ట, ఆట, పూజ, వ్యాపారం ఏరి చరిత్ర కట్టాడు. 1949లో వచ్చింది, 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి దానికే వచ్చింది. మీ సిలబస్‌లో ఆ పేరు బిట్టుగా ఉంటుంది. పుస్తకంగా చదువు. ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు, మొదటి పేజీ నుంచి పోవాలనేం లేదు.

ఒక జాగ్రత్త. ‘క్రీడాభిరామము’ మనకు దొరికిన రూపంలో రాసేనాటికి కాకతీయుల ఓరుగల్లు పడిపోయింది. 1323 తర్వాతి మనిషి, పోయిన ఊరి వైభవాన్ని తలచుకుంటూ రాసినట్టే అనుకోవాలి. పోయినదాని గురించి రాసేటప్పుడు మురికి కాలువలు గుర్తుకు రావు. పెసరపప్పును నమ్ము, వైభవాన్ని కొంచెం తగ్గించి చదువు.

చరిత్ర దగ్గరికి వస్తే, నీకు చరిత్ర అంటే జరిగింది జరిగినట్టు రాసిన పుస్తకం అన్న అభిప్రాయం ఉన్నట్టుంది. నేను కాలేజీలో చరిత్ర చెప్పే రోజుల్లో పిల్లలందరూ ఇదే అనుకునేవాళ్లు, వాళ్ల తప్పు కాదు, మనం పెట్టే పరీక్షలు అలాంటివి. రుద్రమదేవి సంగతే చూడు. మార్కోపోలో ఆమెను రాజు భార్యగా, భర్త పోయాక రాజ్యం ఏలిన రాణిగా రాశాడు. బయటి నుంచి వచ్చిన బాటసారి, రేవులో విన్నది రాసుకున్నాడు. ఆడమనిషి రాజ్యం ఏలుతోందంటే భర్త పోయి ఉంటాడని అతని ఊహ అయినా కావచ్చు, అతనికి చెప్పినవాడి ఊహ అయినా కావచ్చు. శాసనాలు చూస్తే ఆమె గణపతిదేవుడి కూతురు. ఆమె ఎప్పుడు చనిపోయిందో కూడా చాలాకాలం సరిగ్గా తేలలేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనంతో తేలింది. దాన్ని వేయించింది రాజకుటుంబం కాదు, పువ్వుల ముమ్మడి అనే ఒక చిన్న మనిషి. రాణికీ, సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం దక్కాలని దానం చేసి రాయి పాతించాడు.

అలాగని రాతిమీద చెక్కింది కాబట్టి అంతా నిజమనుకోకు. వేయిస్తంభాల గుడి దగ్గరి 1163 నాటి శాసనం నువ్వు చూసే ఉంటావు, అందులో రుద్రదేవుడు గెలిచినవే ఉంటాయి. గెలిచినవాడు రాయించుకున్నది అలాగే ఉంటుంది మరి. పైగా శాసనాల్లో ఎక్కువ భాగం దానాలు. దానం చేయడానికి ఏదో ఒకటి ఉన్నవాడే శాసనంలోకి వస్తాడు. పాకాల చెరువు కట్ట మీద మట్టి మోసినవాళ్లు ఎంతమందో, వాళ్లకు కూలి ఇచ్చారో లేదో ఏ రాయీ చెప్పదు. 

అయితే ఆ దానాల రాతల్లోంచి కూడా ఓపిక ఉన్నవాళ్లు సమాజాన్ని బయటికి తీశారు. సింథియా టాల్బట్ అనే చరిత్రకారిణి ఆంధ్రదేశపు శాసనాలను వందల్లో పక్కపక్కన పెట్టి చదివింది. దానం చేసినవాళ్ల పేర్ల చివర బిరుదులు, వాళ్ల తండ్రుల పేర్ల చివర బిరుదులు పోల్చి చూస్తే అన్నిచోట్లా కలవలేదు. తండ్రికి ఒకటి, కొడుక్కు ఇంకొకటి. మనం ఇవాళ పుట్టుకతో వచ్చిన కులం పేరు అనుకునే కొన్ని మాటలు, ఆనాడు మనిషి చేసే పనికీ సంపాదించుకున్న హోదాకీ గుర్తులుగా కూడా నడిచాయని ఆమె వాదన. మీ ఊళ్లో ఎవరైనా "మా కులం అనాదిగా ఇంతే" అని మీసం తిప్పితే నవ్వకు, వాదించకు. ఆమె వాదన గుర్తు చేసుకో చాలు.

మేడారం సంగతి కూడా నీలాంటి కుర్రాళ్లు నన్ను తరచూ అడుగుతారు, సమ్మక్క సారలమ్మ యుద్ధం నిజంగా జరిగిందా అని. కాకతీయుల శాసనాల్లో ఆ కథ కనిపించదు. కోయల నోట ఉంది, పూజలో ఉంది. యుద్ధం తేదీ వెతుకుతూ కూర్చుంటే దొరికేది లేదు. కరువులో కప్పం కట్టమన్న రాజుకు ఎదురుతిరిగిన కథను ఇన్ని తరాలు ఎవరు దాచుకున్నారు, ఆ రాజు ఎవరని వాళ్లు చెప్పుకుంటున్నారు అని అడిగితే అడవికీ కోటకూ మధ్య ఉన్న సంబంధం కొంత తెలుస్తుంది. ప్రతాపరుద్రుడు ఓరుగల్లులో మనకు మహారాజు. మేడారంలో కాదు.

మళ్లీ మీ ఊరి దగ్గరికే వద్దాం. పాలకుర్తి మీకు దూరమేమీ కాదు. చాకలి ఐలమ్మ కథ నీకు తెలుసు: మల్లంపల్లి మక్తేదారు, అంటే అక్కడి భూస్వామి, భూమి కౌలుకు తీసుకుంది, పండిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ తన మనుషులతో ఎత్తుకుపోవాలని చూశాడు, ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు నిలబడి ఆ గింజలను ఆమె ఇంటికి చేర్చారు. ఇందులో నన్ను ఎప్పుడూ పట్టి ఆపేది కౌలు. ఒక చాకలి ఆడమనిషి సొంతంగా కౌలు చేయడమే దొరకు మింగుడు పడలేదు. బట్టలు ఉతకాల్సిన మనిషి గింజలు కొలుచుకుంటోంది. తిరుగుబాటు అక్కడే మొదలైపోయింది, కర్రలు లేవకముందే.

ఆ తెలంగాణ సాయుధ పోరాటం గురించి నాయకులు రాసిన పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటిలో దళాలు, తీర్మానాలు, పార్టీ పంథా, విరమణ ఉంటాయి. అవసరమే. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. పోరాటంలో తిరిగిన ఆడవాళ్ల దగ్గర కూర్చొని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి అచ్చు వేశారు. అది చదివితే పోరాటం ఇంకోలా కనిపిస్తుంది. అడవిలో కాన్పు, చంటిబిడ్డ ఏడిస్తే దళానికి ప్రమాదమన్న భయం, పోరాటం ఆగిపోయాక ఇంటికి పోయి సంసారం చేసుకోమన్న మాట. నాయకుల పుస్తకాలు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు అవి రాయదగ్గ విషయాలుగా అనిపించలేదు.

ఇది రాస్తూ నీ ఉత్తరం మళ్లీ చదివాను. అందులో తాత ఉన్నాడు, ముత్తాత ఉన్నాడు, నాయిన ఉన్నాడు, రూమ్మేట్ ఉన్నాడు. నాయనమ్మ లేదు, అమ్మ లేదు. నాయనమ్మ ఉందా? ఉంటే, ఆమె పుట్టినింటి ఊరి దొర సంగతి వేరే ఉంటుంది. ఆ ఊళ్లో వాళ్ల అమ్మ గడీకి పోయేదా, పోతే ఏ వేళకు పోయి ఏ వేళకు వచ్చేది, పెళ్లీడు ఆడపిల్లలను గడీ వైపు పోనిచ్చేవాళ్లా? తాత ముందు అడగొద్దు. ఆయన లేనప్పుడు, ఆమె ఏదో పని చేసుకుంటున్నప్పుడు పక్కన కూర్చొని అడుగు. చెప్పకపోతే వదిలెయ్యి. కొన్ని చెప్పనంత మాత్రాన లేనట్టు కాదు.

ఇప్పుడు మీ రూమ్మేట్. లెక్కలుంటేనే నమ్ము అన్నాడు. మంచి మాటే, సగం వరకు. ఒక ఇంటి కథ పట్టుకొని ఊరంతా ఇంతే అనేసే జబ్బు మనకు ఎక్కువ, దానికి లెక్కే మందు. కానీ లెక్క కూడా ఎవరో ఒకరు ఒక గడి గీసి, అందులో టిక్కు పెట్టి తయారుచేసిందే. 1997-98లో మన వరంగల్ జిల్లాలో పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోవడం దేశమంతా చూసింది. పురుగు పట్టింది, మందులు పనిచేయలేదు, విత్తనాలు, మందులు ఇచ్చిన దుకాణం దగ్గరే అప్పు, ఆ దుకాణదారుకే పత్తి అమ్మకం. జాతీయ నేర నమోదు సంస్థ 1995 నుంచే రైతు ఆత్మహత్యలను విడిగా లెక్కిస్తోంది. అయితే రైతు అంటే ఎవరు? పట్టా భర్త పేరు మీదో మామ పేరు మీదో ఉండి, పొద్దంతా చేన్లో ఉండే ఆడమనిషి చనిపోతే రైతు గడిలో పడుతుందా, గృహిణి గడిలో పడుతుందా? కౌలుకు చేసే మనిషికి కాగితం ఉండదు, మరి అతను రైతా కూలీయా? మీ రూమ్మేట్ ఎకనామిక్స్ నిజంగా చదివినవాడైతే ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు.

మొన్నటి కులగణన కూడా అంతే. 2024 చివర్లో తెలంగాణలో ఇంటింటికీ తిరిగి లెక్క తీస్తే బీసీలు 56.33 శాతం అని తేలింది. ముస్లింలలోని బీసీలను పక్కన పెట్టి చూస్తే అదే లెక్క 46.25. రెండూ ఒకే సర్వేలోంచి వచ్చాయి. ఎవరు ఏ అంకె పట్టుకొని మాట్లాడుతున్నారో గమనిస్తే, వాళ్లేం కోరుతున్నారో కూడా తెలుస్తుంది.

సామాజిక శాస్త్రమంటే అంకెలు మాత్రమే కాదని కూడా అతనికి చెప్పు. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే శామీర్‌పేట ఊరిని దగ్గరుండి పరిశీలించి 1955లో ఇంగ్లిష్‌లో పుస్తకం వేశాడు. భారతదేశపు పల్లె ఎలా నడుస్తుందో ప్రపంచానికి చెప్పిన తొలి పుస్తకాల్లో అదొకటి, అందులో ఉన్నది మన తెలంగాణ ఊరే. అంతకు ముందు ఆదిలాబాద్‌లో హైమండార్ఫ్. 1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీమ్‌ను చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి పడింది. ఆ పని మీద వచ్చిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త మార్లవాయిలో గుడిసె వేసుకొని, గోండి నేర్చుకొని, వాళ్లతో ఉన్నాడు. భూమి చేజారిపోవడమే అసలు బాధ అని గుర్తించి ప్రభుత్వానికి చెప్పాడు, పట్టాలు ఇప్పించే పనిలో నిలబడ్డాడు. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆయన రాసింది చదివేటప్పుడు రెండూ మనసులో పెట్టుకోవాలి. పంపింది తుపాకీ పేల్చిన ప్రభుత్వం. వెళ్లిన మనిషి మాత్రం వినడానికి సిద్ధపడి వెళ్లాడు.

నీ గురించి కూడా ఒక మాట, నువ్వు అడగకపోయినా. సి. రైట్ మిల్స్ అనే అమెరికన్ సామాజికవేత్త 1959లో ఒక సంగతి రాశాడు. లక్షమంది ఉన్న పట్నంలో ఒక్కడికే పని లేకపోతే అతని నైపుణ్యం, స్వభావం చూడాలి. ఐదు కోట్లమంది పనిచేసే దేశంలో కోటిన్నరమందికి పని లేకపోతే ఒక్కొక్కరి స్వభావం చూస్తూ కూర్చుంటే జవాబు దొరకదు. హనుమకొండలో నీ రూమ్ కిటికీ తెరిచి చూడు. స్టడీ హాళ్లు, హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ సెంటర్లు. బీటెక్ అయ్యాక ఇంతమంది మళ్లీ బిట్లు ఎందుకు బట్టీ పడుతున్నారు? నీకు ర్యాంకు రాకపోతే అది నీ తెలివితక్కువ అని నాయిన అనుకోవచ్చు, నువ్వూ అనుకోవచ్చు. పోస్టులు ఎన్ని, రాసేవాళ్లు ఎంతమంది, ప్రైవేటులో బీటెక్‌కు ఇచ్చే జీతమెంత అని అడగడం మొదలుపెడితే ఆ టెన్షన్ తగ్గుతుందని చెప్పను. నిన్ను నువ్వు తిట్టుకోవడం మాత్రం కొంచెం తగ్గుతుంది.

నాయిన మాట కొట్టేయకు. కథల పుస్తకాలతో కొలువు రాదు, ఆయన చెప్పింది నిజం. సొసైటీ పేపర్‌కు పనికొస్తుందని సర్దిచెప్పి నవలలు చదవడం నాకు ఇష్టం లేదు. అలా చదివితే నవలా సరిగా చదవవు, పరీక్షా సరిగా రాయవు. పరీక్ష అయ్యేదాకా వారానికి ఒక పూట దీనికి పెట్టుకో, చాలు. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది, 1904 నాటిది. ఆదివారాలు తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కొని పో. నిజాం కాలంలో తెలుగు చదువుకోవడానికే పోరాడాల్సి వచ్చినప్పుడు కట్టుకున్న గ్రంథాలయం అది.

వరుస అడిగావు. పుస్తకాల వరుస నా దగ్గర లేదు, ఎవరైనా ఇస్తే తీసుకోకు. ఒక ప్రశ్న పట్టుకో, దాని వెంట పుస్తకాలు వాటంతట అవే వస్తాయి. నీకు ప్రశ్న దొరికే ఉంది: మా ఊరి భూమి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయింది, మా ముత్తాత చేతికి ఎందుకు రాలేదు, లేదా ఎలా వచ్చింది? దీనికి తాత కావాలి, నాయనమ్మ కావాలి. 1949లో జాగీర్ల రద్దు, ఆ వెంటనే వచ్చిన కౌలుదారీ చట్టం కావాలి, అది చరిత్ర. చట్టం రాకముందే భూములు బంధువుల పేర్ల మీదికి, బినామీల మీదికి ఎలా మారాయో కావాలి, దానికి కథలూ పనికొస్తాయి, అధ్యయనాలూ పనికొస్తాయి.

ఒక కాగితం కూడా కావాలి. తహసీల్దార్ ఆఫీసులో మీ ఊరి 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అంటే అప్పటి భూమి రికార్డు, నకలుకు దరఖాస్తు పెట్టు. మీ ఇంటి భూమి సర్వే నంబరు తెలిస్తే దానికి, తెలియకపోతే దొర పొలమని ఊళ్లో చెప్పుకునే ఏదో ఒక నంబరుకు. పట్టాదారు ఎవరు, సాగులో ఉన్నది ఎవరు అని వేర్వేరుగా రాసి ఉంటుంది. ఆ రెండు పేర్లు ఒకటేనా కాదా చూడు. రాసింది పట్వారీ అని మరిచిపోకు, సాగు చేసిన వాళ్లందరి పేర్లూ అతను రాసి ఉండడు. అక్కడ కనిపించని పేరు తాత నోట వస్తే, రాసుకో. తాత చెప్పని పేరు అక్కడ ఉంటే, తాతనే అడుగు, నిలదీసినట్టు కాకుండా.

ఫోన్‌లో రికార్డు చేసుకో, చేసే ముందు ఆయనకు చెప్పు. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఆ దొర మనవలు కూడా అందులో ఉంటారు, వాళ్ల తాత గురించి వాళ్లకు వేరే ముచ్చట చెప్పి ఉంటారు. వీలైతే అది కూడా ఎప్పుడైనా కూర్చొని విను.